చేతులన్నీ ఒకేసారి లేచిన ఊరు

మొన్న మా స్టూడియోలో రికార్డింగ్ గదికి కొత్త బట్ట వేశారు. మాట గోడకు తగిలి తిరిగి రాకుండా లోపల స్పాంజి, దాని మీద ముతక కోరా బట్ట. తలుపు మూసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నానో లేదో గంజి వాసన గుప్పుమంది. మైకు ముందు నిలబడ్డాను. చేతిలో కాగితం ఉంది, చూపు మాత్రం దాని మీద లేదు. ఉతకని బట్ట, ఇస్త్రీ పెట్టె కింద లేచే ఆవిరి, సుద్ద పొడి, వీటన్నిటి మధ్య నోట్లో గుండుసూదులు పెట్టుకుని నిలబడ్డ ఒక మనిషి. ఖమ్మం పాత బజారులో దర్జీ దుకాణం నడిపిన జహంగీర్ మాస్టరు. ఆయన పోయి రెండేళ్ళయింది. అద్దం అవతల నుంచి మా కార్తీక్ "మేడమ్, రెడీనా?" అని మూడుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు.

మేము తయారు చేసేవి కథ ఉన్న వీడియో ఆటలు. పరిగెత్తడం, కాల్చడం తక్కువ. మనుషులు, మాటలు ఎక్కువ. కథ ఒక చోటికి వచ్చి ఆగుతుంది. తెర మీద రెండు దారులు కనిపిస్తాయి, పక్కన పది సెకన్లు తరిగిపోతూ ఉంటాయి. ఆడేవాళ్ళు ఏదో ఒకటి నొక్కాలి. ఏది నొక్కితే కథ అటు పోతుంది. ఈ ఆటల్లో నేను గొంతు ఇస్తాను, మిగతా నటుల చేత చెప్పిస్తాను. ఎదుట ఇంకో నటుడు ఉండడు. ఆడేవాళ్ళు అంతకుముందు ఏం చేసి వచ్చారో నాకు తెలియదు. తిట్టి వచ్చినవాడికీ, దండం పెట్టి వచ్చినవాడికీ నేను చెప్పేది అదే మాట, ఇద్దరికీ అది నిజమనిపించాలి. రెండు దారులూ రికార్డు చేయాలి. వందమందిలో ఒక్కరు కూడా పోని దారి అయినా సరే, అందులోనూ ప్రాణం పెట్టి మాట్లాడాలి.

ఆ రోజు చెప్పాల్సింది ఒక ముసలమ్మ మాట. గోదావరికి వరద వచ్చింది. ఆడేవాళ్ళది పడవ నడిపే అమ్మాయి పాత్ర. ఒడ్డున చివరి ఇంట్లో ముసలమ్మ ఇల్లు వదిలి రానంటుంది. బలవంతంగా ఎత్తి పడవలో వేయాలా, వదిలేసి మిగతావాళ్ళను దాటించాలా? పది సెకన్లు. కార్తీక్ మా డైరెక్టరు, మంచివాడే కానీ తొందరెక్కువ. "ఇంకొంచెం విలన్‌లా చెప్పండి మేడమ్. మొండి ముసల్దని అనిపిస్తే జనం టక్కున ఎత్తేసే బటన్ నొక్కుతారు. తర్వాత ఆమె పడవలోనే చనిపోతుంది. అప్పుడు షాక్!" అన్నాడు. నేను చెప్పనన్నాను. వారం రోజులు కొట్లాడుకున్నాం. చివరికి విసిగిపోయి, "ఎవరు నేర్పారండీ మీకు ఈ మొండితనం?" అన్నాడు. "ఒక దర్జీ" అన్నాను. జోకనుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ జవాబే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నేను మాస్టరును మొదట కలిసింది పోట్లాటకే. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఆయన కుట్టిన పంజాబీ డ్రెస్సు నడుము దగ్గర బిగుసుకుపోయింది. దుకాణం ముందు నిలబడి బజారంతా వినేలా అరిచాను. ఆయన నోట్లో సూదులు తీయకుండా అంతా విన్నారు. నేను అలిసిపోయాక ఒక్కో సూదీ తీసి డబ్బాలో వేసి, "కొలత తప్పు కాదు బేటా. కొలిచేటప్పుడు నువ్వు ఊపిరి బిగబట్టినవ్," అన్నారు.

"నేనా!"

"నువ్వే. అందరు అంతే. టేపు చూడంగనే పొట్ట లోపలికి పీలుస్తరు. నేను జర సేపు ముచ్చట పెట్టి, టేపు సంగతి మరిచిపోయినంక కొలుస్తా. ఆ రోజు జల్దీల ఉండి నేనే ఆగలే. పెట్టి పో, విప్పి కుడతా."

డ్రెస్సు బల్ల మీద పెట్టాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గొంతు మాత్రం మస్తుగున్నది. నాటకంల వేస్తవా?" అన్నారు. బిగుతు డ్రెస్సు కోసం పోయి నాటకంలో చేరాను. మా అమ్మ ఇప్పటికీ ఈ సంగతి చెప్పి వచ్చినవాళ్ళందరినీ నవ్విస్తుంది.

దుకాణం వెనక గదిలో ఆయనకు ఇంకో లోకం ఉండేది. భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న ఊళ్ళలో ఆరోగ్యం మీద నాటకాలు ఆడే అయిదుగురి బృందం మాది. దోమతెరలు, పాముకాటు, కాన్పులు, ఇవే కథలు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి భద్రాచలంలో దిగి, అక్కడి నుంచి జీపులో పోయేవాళ్ళం. వేదిక ఉండదు, తెర ఉండదు. ఇంటి ముందు ఊడ్చిన నేల, ఒక డోలక్, రెండు చీరలు, ఒక కర్ర, అంతే. కోయ తప్ప తెలుగు సరిగా రాని ఊళ్ళలో అక్కడి ఆశా కార్యకర్త పక్కన నిలబడి మా మాటలను వాళ్ళ భాషలో చెప్పేది.

మాస్టరు పాత్ర వేసేవారు కాదు. ఒక పక్కగా నిలబడి చూసేవారు. కథ ఎటూ తేలని చోటికి రాగానే నడిచి వెళ్ళి జనం మధ్యలో నేల మీద కూర్చునేవారు. ఆయన కూర్చున్నారంటే మేం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోవాలి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండాలి, చీమ కుట్టినా కదలకూడదు. "ఇప్పుడీమె ఏం చెయ్యాలె? మీరెట్ల చెప్తే గట్లనే ఆడతం," అని జనాన్ని అడిగేవారు. ఒక్కోసారి అరగంట పట్టేది. ఒక ఊళ్ళో దోమతెర ఎవరు కప్పుకోవాలన్న దాని మీద బావాబామ్మర్దులు నిజంగానే చొక్కాలు పట్టుకున్నారు. మేం శిలల్లా నిలబడి కనుకొసలతో చూస్తూ నవ్వు ఆపుకున్నాం. జనం ఏ దారి చెప్తే ఆ దారిలో ఆడేవాళ్ళం. అందుకని దుకాణం వెనక గదిలో అన్ని దారులూ ముందే ఆడి చూసుకునేవాళ్ళం.

"జనం తప్పు దారి చెప్తే?" అని ఒకసారి అడిగాను.

"తప్పు దారిల గూడ నిజంగనే నడువాలె. అటు పోతే ఏమైతదో వాళ్ళే చూస్తరు. నువ్వు ముందే మొఖం మాడ్చుకుని నడిస్తే వాళ్ళేం చూస్తరు?" అన్నారు.

చాలా ఏళ్ళ తర్వాత, ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు, నేను చేసే పని చూపిద్దామని లాప్‌టాప్ తీసుకుని దుకాణానికి వెళ్ళాను. కటింగ్ బల్ల మీద బట్టలు పక్కకు జరిపి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆట ఆడే రిమోట్‌ను రెండు చేతులా పట్టుకున్నారు. అది వేరే దేశంవాళ్ళు చేసిన ఆట. ఒక పోలీసు, దొంగతనం చేసిన ఒక తల్లి. పట్టుకోవాలా, వదిలేయాలా? సెకన్లు తరగడం మొదలైంది. మాస్టరు రిమోట్ బల్ల మీద పెట్టేశారు.

"నొక్కండి మాస్టర్!"

"ఆగు బేటా. ఆమె మాట ఇంకా వినలే."

"టైము అయిపోతుంది!"

"ఆగుమంటే ఆగదా ఇది? ఏంది దీనికి అంత తొందర?" టైము అయిపోయింది, ఆటే ఏదో ఒకటి ఎంచుకుంది, ఆ తల్లిని తీసుకుపోయారు. మాస్టరుకు కోపం వచ్చింది. కొంచెం కాదు, నిజంగా వచ్చింది. "ఈ రెండిట్ల ఏది మంచిదో ఈ పెట్టెకు ముందే తెలుసు. ఆ తల్లిని గంత అందంగ, గంత దుఃఖంగ చూపెట్టింది. మరి తెలిసి నన్నెందుకు అడిగినట్టు?" అన్నారు. ఇంకో గంట ఆడారు. కథలో ముందుకు పోయాక ఆ తల్లి బిడ్డ కనిపించి ఆయన పాత్రను చూసి మొహం తిప్పుకుంది. మాస్టరు రిమోట్ పట్టుకుని అలాగే ఉండిపోయారు. "యాది పెట్టుకున్నదే!" అన్నారు మెల్లగా. ఆ పిల్లకు సారీ చెప్పే బటన్ ఎక్కడుందో వెతకమని నన్ను సతాయించారు. లేదని చెప్తే ఆట కట్టేయమన్నారు. టీ వచ్చింది. తాగుతూ తాగుతూ, "లచ్చమ్మ యాదికున్నదా?" అని అడిగారు. ఎందుకు గుర్తుండదు!

ఆ ఊరి పేరు రాయను. చర్ల పోయే దారిలో దిగి లోపలికి నడవాలి. మేం మొదటిసారి అక్కడ ఆడింది కాన్పు నాటకం. కోడలికి నొప్పులు వస్తాయి, మొగుడు దవాఖానాకు తీసుకుపోదామంటాడు, అత్త వద్దంటుంది. అత్త నేను. ఇరవై ఏళ్ళ పిల్లకు ముసలి వేషం దొరికితే ఊరుకుంటుందా? నడుం వంచాను, కర్ర పట్టాను, తమలపాకు నమిలి ఊశాను, కోడలి మీద కయ్యిమని లేచాను. పిల్లలు పడి పడి నవ్వారు. నాకు ఇంకా ఊపొచ్చింది. దవాఖానా అంటే కర్ర ఎత్తి మొగుణ్ణి తరిమాను. ఇదేదీ వెనక గదిలో ఆడుకున్నది కాదు. మాస్టరు వచ్చి జనంలో కూర్చున్నారు. "ఇప్పుడేం చెయ్యాలె?" అన్నారు. ఆశా కార్యకర్త ముత్తమ్మ కోయలో అడగడం పూర్తి కాకముందే చేతులన్నీ ఒకేసారి లేచాయి. దవాఖానా! దవాఖానా! ఆడవాళ్ళు, మొగవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ. వెనక వరసలో ఏడో నెల కడుపుతో ఉన్న ఒక అమ్మాయి, ఆమె పక్కన ఒక పెద్దామె కూర్చున్నారు. ఆ పెద్దామె చెయ్యే అందరికంటే పైన ఉంది. కర్ర ఎత్తినట్టే ఎత్తి నిలబడి, గర్వంగా నేను అదంతా చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాస్టరు మాట్లాడలేదు. ఉండబట్టలేక నేనే, "బాగా ఆడాను కదా?" అన్నాను.

"మంచిగనే ఆడినవ్."

"మరి అలా ఉన్నారేం?"

ఆయన కిటికీలోంచి చూస్తూ, "చేతులన్నీ ఒక్కసారి లేస్తే నాకు భయమైతది బేటా. ఇయ్యాల ఊరంతా పొట్ట లోపలికి పీల్చుకున్నదని అనిపిస్తున్నది," అన్నారు. నాకు మండిపోయింది. మంచి పని జరిగితే సంతోషించలేని మనిషి అనుకున్నాను.

రెండున్నర నెలల తర్వాత ముత్తమ్మ ఏదో మీటింగుకు ఖమ్మం వచ్చి దుకాణం మెట్లెక్కింది. చెప్పులు విడుస్తుంటేనే ఆమె మొహం బాగా లేదని తెలిసింది. వెనక వరసలో కూర్చున్న ఆ అమ్మాయి పేరు దేవి. పక్కనున్న పెద్దామె ఆమె అత్త లచ్చమ్మ. నొప్పులు వస్తే రెండు రోజులు ఇంట్లోనే ఉంచారు. చివరికి ట్రాక్టరు మీద బయల్దేరారు కానీ దారిలోనే కాన్పయింది. దేవి బతికింది. బిడ్డ దక్కలేదు.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఏమిటో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "చెయ్యెత్తింది కదా ఆమె!" అన్నాను. నేను బాగానే ఆడాను, ఆమెదే తప్పు అని దాని అర్థం. మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి నా వైపు చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "వచ్చే ఆదివారం పోదాం. నువ్వు అక్కడ నోరు తెరవొద్దు. విను," అన్నారు.

పోయాం. లచ్చమ్మ చేటలో ఏవో గింజలు చెరుగుతోంది. నేను కర్ర పట్టి ఆడిన ముసలిదాని పోలిక ఆమెలో ఒక్కటీ లేదు. సన్నటి మనిషి, మెల్లటి మాట. మాకు నీళ్ళిచ్చింది, కూర్చోమని చాప వేసింది. దేవి లోపలే ఉంది, బయటికి రాలేదు. మాస్టరు చాలాసేపు పంటల గురించి, వాన గురించి మాట్లాడారు. ఎప్పుడో అడిగారు, "ఆ రోజు చెయ్యెందుకు ఎత్తినవమ్మా?" అని. లచ్చమ్మ చెప్పింది, ముత్తమ్మ దాన్ని తెలుగులోకి మార్చింది.

"అందరెత్తిండ్రట. ఆ నాటకంల ముసలిదాన్ని జూస్తే ఈమెకు గూడ కోపమొచ్చిందట. గసొంటిదాన్ని నేను కాదు గద అనుకున్నదట."

నేను ఆ అత్తను అంత చెడ్డదానిగా ఆడాను కాబట్టి ఆమె నాలో తనను చూసుకోలేదు. హాయిగా చెయ్యెత్తి, హాయిగా ఇంటికి పోయింది. నిజంగా నొప్పులు వచ్చిన రోజు ఆ ఇంట్లో కర్ర పట్టిన ముసలిది ఎవరూ లేరు. లచ్చమ్మ మాత్రమే ఉంది.

ఎందుకు తీసుకుపోలేదని మాస్టరు అడగలేదు. ఆమే చెప్పింది. చాలా ఏళ్ళ కింద తన కూతుర్ని ఒక పెద్ద దవాఖానాకు తీసుకుపోయిందట. కూతుర్ని లోపలికి తీసుకుని, తల్లిని గేటు బయట ఆపేశారు. లోపల పిల్ల కోయలో ఏడుస్తోంది. ఆ మాట అర్థమయ్యేవాళ్ళు లోపల ఎవరూ లేరు. అర్థమయ్యే మనిషి బయట ఉంది. కూతురూ బిడ్డా క్షేమంగానే వచ్చారు, కానీ ఆ పిల్ల చాలా రోజులు తల్లితో మాట్లాడలేదట. "నన్ను పరాయోళ్ళ కాడ పడేసి పోయినవ్" అన్నదట. "నా చేతుల మీద పోతే నేను పక్కన ఉంటా గద," అంది లచ్చమ్మ. ఈ మాట మాత్రం తెలుగులో, మావైపు చూసి అంది. ఆమె చిన్న కోడలికి అప్పుడు అయిదో నెల. ఆ పిల్ల గడప పట్టుకుని నిలబడి అంతా వింటోంది. ముత్తమ్మ మమ్మల్ని బయటికి సాగనంపుతూ, "ఈ పిల్లకు రగతం తక్కువున్నది సార్. ఇంట్ల కాన్పంటే ఈసారి తల్లి గూడ దక్కదేమో," అంది.

తిరిగి వచ్చాక మాస్టరు వెనక గదిలో నా చేతిలో కర్ర తీసి అటక మీద పడేశారు. వారం రోజులు నా చేత లచ్చమ్మ మాటలే చెప్పించారు. అరవొద్దన్నారు. వంగొద్దన్నారు. "ఆమె కారణం నీదైందా? కాలే. మళ్ళ చెప్పు," అనేవారు. చెప్పగా చెప్పగా ఒక రోజు నాకే భయం పట్టుకుంది. "మాస్టర్, నేను ఇలా చెప్తే వినేవాళ్ళంతా అత్త చెప్పిందే కరెక్టంటారు. ఆ పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది. చచ్చిపోతే?" అన్నాను.

"గట్ల కావొచ్చు," అన్నారు ఆయన.

"కావొచ్చంటారేంటి! మనం పోయేది దవాఖానాకు పొమ్మని చెప్పడానికి కదా!"

"పోయినసారి చెప్పినం గద. చేతులెత్తిండ్రు గద." ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, మళ్ళీ లోపల పెట్టుకున్నారు. "నాకు గూడ భయమైతున్నది బేటా. గనీ మనమొక్కళ్ళమే భయపడి, వాళ్ళను భయపడనియ్యకుంటే ఎట్ల? బరువు వాళ్ళ చేతుల పెట్టాలె. పెట్టి మనం పక్కన కూసోవాలె."

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మళ్ళీ పోయాం. ఆడవాళ్ళు తెల్లవారకముందే అడవికి పోయి పువ్వు ఏరుకొచ్చి, చాపల మీద ఆరబోసి, అలిసిపోయి కూర్చున్నారు. ఊరంతా తియ్యటి మత్తు వాసన. అదే నాటకం, అదే కోడలు, అదే మొగుడు. ఈసారి అత్త నడుం వంచలేదు. మెల్లగా మాట్లాడింది. గేటు సంగతి చెప్పింది, లోపల నుంచి వినపడ్డ ఏడుపు చెప్పింది. పిల్లలు నవ్వలేదు. మాస్టరు వచ్చి జనం మధ్యలో కూర్చున్నారు. "ఇప్పుడేం చెయ్యాలె?"

ఒక్క చెయ్యి లేవలేదు.

అంత నిశ్శబ్దం నేను ఏ రికార్డింగ్ గదిలోనూ వినలేదు. నా చెయ్యి కోడలి భుజం మీద ఉంది, అక్కడే ఉంచాను. ఎంతసేపో తెలియదు. ఎవరో ఉండాలన్నారు, ఎవరో పోవాలన్నారు, గొడవ మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. మెడ మీద చెమట కారుతోంది. చిన్న కోడలు లచ్చమ్మ పక్కనే కూర్చుని తల ఎత్తకుండా నేల గీకుతోంది. ఎవరూ ఏదీ తేల్చకపోతే మేం ఇలాగే తిరిగిపోవాలి, ఈ పిల్ల సంగతి ఏమవుతుంది? అప్పుడు లచ్చమ్మ లేచింది. చీర సర్దుకుని, నేల మధ్యకు నడిచి వచ్చి, సరిగ్గా నా ఎదురుగా నిలబడింది.

"నువ్వెందుకు పోవు?" అంది తెలుగులో.

"వాళ్ళు లోపలికి రానియ్యరు," అన్నాను. ఇది మేం ఆడుకున్న మాటే.

"అవ్. రానియ్యరు. బయట ఉండనియ్యరా?"

మాస్టరు దగ్గర అన్ని దారులూ ఆడి చూశాను, ఈ దారి మాత్రం ఎప్పుడూ రాలేదు. అత్తగా ఏం చెప్పాలో తెలియదు, నేనుగా కూడా తెలియదు. కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మాస్టరు ఇంకా కూర్చునే ఉన్నారు. లచ్చమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత జనం వైపు తిరిగి కోయలో ఏదో చెప్పింది. ముత్తమ్మ తెలుగులో చెప్పబోయి ఏడ్చేసింది. లచ్చమ్మ అన్నది ఇదట: "ఈమె కాడ జవాబు లేదు. నా కాడ గూడ లేదు. అయితే పోవుడే. కిటికీ కింద కూసుంటా. లోపలికి వినపడేటట్టు మాట్లాడతా."

ఆ రోజు బస్సులో మాస్టరు నన్ను మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆయన నిద్రపోయారు, ఖమ్మం దాకా గురక.

నెలలు నిండాక ముత్తమ్మ దుకాణానికి ఫోన్ చేసింది. చెప్పినట్టే చేసిందట లచ్చమ్మ. చిన్న కోడల్ని ముందే దవాఖానాలో చేర్చి, కాన్పు గది కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుందట. పొద్దున మొదలుపెట్టి కోయలో ఒకటే మాటలు. కోళ్ళ సంగతి, చేను సంగతి, ఎవరి పెళ్ళిలో ఎవరు పడిపోయారో ఆ సంగతి. కాపలావాడు రెండుసార్లు తరిమితే చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చిందట. మధ్యాహ్నానికి ఒక నర్సమ్మ తలుపు తీసి, "ముసలమ్మా, లోపలికన్న రా, నీ లొల్లికి మా చెవులు పోతున్నయ్," అని తీసుకుపోయిందట. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. మాస్టరు ఫోన్ పెట్టేసి, కుట్టు మిషను మీద తల వాల్చారు. నేను బయటికి వచ్చి బజారు మధ్యలో నిలబడి ఏడ్చాను. పక్క చెప్పుల దుకాణం అతను, "డ్రెస్సు మళ్ళీ బిగుతయిందా?" అని అడిగాడు.

బిడ్డను చూడ్డానికి ఇద్దరం పోయాం. ఆ ఇంట్లో సందడే సందడి. లచ్చమ్మ కిటికీ కింద తను చెప్పిన కబుర్లన్నీ మళ్ళీ చెప్తోంది, అందరూ నవ్వుతున్నారు. నర్సమ్మ మాటలను అనుకరించి చూపింది, నాకంటే బాగా చేసింది. మాస్టరు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, కొలత తీసుకుంటున్నట్టు జానతో కొలిచి, తను కుట్టుకొచ్చిన గౌను రెండు నెలల దాకా వదులుగానే ఉంటుందని తేల్చారు. నాకు పట్టరాని సంతోషం. ఇదంతా మా నాటకం వల్లే అని లోపల ఎగిరి గంతేస్తున్నాను.

నీళ్ళు తాగుదామని వెనక్కి పోతే దేవి ఉంది, పెద్ద కోడలు. బిందె పక్కన కూర్చుని ఆరిన ఇప్పపువ్వు బుట్టలోకి ఎత్తుతోంది. ముందు గదిలో నవ్వులు ఇక్కడికి బాగా వినపడుతున్నాయి. నన్ను చూసి లేచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది. చెంబు తిరిగి తీసుకుంటూ, కోపం ఏమీ లేకుండా, తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"మొదటిసారే గిట్ల ఎందుకు ఆడలే అక్కా?"

చెంబు ఆమె చేతిలో ఉంది, నా చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. ఆమె కాసేపు ఆగి, జవాబు రాదని తెలుసుకుని, మళ్ళీ పువ్వు దగ్గర కూర్చుంది.

కార్తీక్, నువ్వడిగిన మొండితనం నాకు నేర్పింది మాస్టరే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ గదిలో తలుపు వేసుకుని మైకు ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు వినపడేది ఆయన గొంతు కాదు. మన ఆట ఎంతమంది ఆడతారో నువ్వు చెప్తూ ఉంటావు. నాకు అంతమంది కనపడరు. వాళ్ళలో ఎవరో ఒకరికి ఇది ఆట కాదు, నా మాట విని ఏదో ఒకటి నొక్కి రేపు ఇంట్లో అదే పని చేస్తారు. ఆ ఒక్కరు ఎవరో నాకెప్పటికీ తెలియదు. దేవి మాత్రం తెలుసు.